కొత్త బంతిని పాతది చెయ్యి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మూడు రోజుల మ్యాచ్‌లకి నిన్ను ఓపెనర్‌గా తీసుకున్నారని మీ అమ్మ చెప్పింది. జట్టులో కుర్రాళ్లు జిడ్డుగాడని ఏడిపిస్తున్నారని కూడా చెప్పింది. ఏడిపించనీరా. రోజుల ఆటలో ఓపెనర్ చెయ్యాల్సిన మొదటి పని వికెట్ పోకుండా నిలబడి కొత్త బంతిని పాతది చెయ్యడం. పరుగులు ఆ తర్వాత.

2018 డిసెంబరు మెల్‌బోర్న్ టెస్టు స్కోరుకార్డు తీసి చూడు. అప్పట్లో మన ఆంధ్రాకి ఆడిన హనుమ విహారి అసలు ఓపెనర్ కాదు. ఓపెనర్లిద్దరినీ తప్పించడంతో అతన్ని ముందుకు పంపారు. 66 బంతులాడి 8 పరుగులు చేశాడు. ఆ అంకె ఒక్కటే చూసినవాడు పెదవి విరుస్తాడు. కానీ అతనూ మయాంక్ అగర్వాలూ కలిసి పంతొమ్మిదో ఓవర్ దాకా వికెట్ పడనివ్వలేదు. ఆ తర్వాత పుజారా 106, కోహ్లీ 82 కొట్టారు. జట్టు 7 వికెట్లకి 443 దగ్గర డిక్లేర్ చేసి, చివరికి 137 పరుగుల తేడాతో గెలిచింది. పాతతరం ఓపెనర్ చేతన్ చౌహాన్‌కైతే 40 టెస్టుల్లో ఒక్క సెంచరీ కూడా లేదు. అయినా గావస్కర్‌తో కలిసి పదిసార్లు తొలి వికెట్‌కి వంద దాటించాడు.

నీ లెక్క చిన్నదే. ఇద్దరూ కలిసి 20 ఓవర్లు నిలబడాలంటే 120 బంతులు, అందులో నీ వాటా 60. వాటిలో ఎన్ని వదిలేస్తే అంత మంచిది.

వదలడం కూడా ఒక షాటే, దాన్నీ నెట్స్‌లో సాధన చెయ్యాలి. మిడిల్ స్టంప్ గార్డ్ తీసుకో, అంటే బ్యాట్ మధ్య వికెట్‌కి ఎదురుగా పెట్టి నిలబడు. బౌలర్ చెయ్యి తిరిగే వేళకి వెనక కాలు కొంచెం వెనక్కీ అడ్డంగానూ జరిపితే నీ కళ్లు ఆఫ్ స్టంప్ మీదికి వస్తాయి. ఇక నీ కళ్లకి బయటగా వెళ్లే బంతితో నీకు పనిలేదు. చాలామంది ఇక్కడే చెడతారు. కాలితోపాటు తల కూడా ఆఫ్ వైపు వాలిపోతుంది, అప్పుడు నేరుగా వచ్చే బంతి కూడా బయట పడుతున్నట్టే కనిపించి ఎల్బీడబ్ల్యూ అవుతారు. నాన్‌స్ట్రైకర్ వైపు స్టంప్స్ వెనక ఎవరిచేతైనా ఫోన్‌లో వీడియో తీయించు. బౌలర్ బంతి వదిలిన క్షణంలో బొమ్మ ఆపి, నీ తల ఎక్కడుందో చూసుకో.

వదిలేటప్పుడు చేతులు ముందే పైకెత్తు. ఆడదామా మానదామా అని బ్యాట్‌ని సగంలో వేలాడదీస్తే లోపలి అంచు తగిలి వికెట్లు పడతాయి. ఇంకొకటి. ఆస్ట్రేలియా పిచ్‌ల మీద బౌన్స్‌ని నమ్మి, వికెట్ల పైనుంచి పోతుందని నేరుగా వచ్చే బంతిని కూడా వదిలెయ్యచ్చు. మన విశాఖలో ఆ ధైర్యం వద్దు. ఆట ముదిరేకొద్దీ బంతి కింద ఉండిపోతుంది. ఇక్కడ లైన్ చూసే వదలాలి.

డిఫెన్స్‌లో కింది చెయ్యి గట్టిగా బిగిస్తే అంచు తగిలిన బంతి స్లిప్ దాకా వెళ్లిపోతుంది. బొటనవేలు, చూపుడువేలు మాత్రమే పట్టు ఇవ్వాలి. క్రీజుకి రెండు గజాల ముందు సున్నంతో గీత గియ్యి. ఎవరైనా దగ్గర్నించి చేత్తో విసిరే బంతులు, అదే థ్రోడౌన్లు, ఆడు, డిఫెండ్ చేసిన బంతి గీత దాటకుండా చచ్చిపోవాలి. ముప్ఫైలో పాతిక అలా ఆగితే చెయ్యి దారిలో పడినట్టే. బంతిని ఎదురెళ్లి అందుకోకు, కంటి కిందకి రానియ్యి. బ్యాట్‌కీ ప్యాడ్‌కీ మధ్య సందు ఉంచకు, మన దగ్గర ఆడే ఎస్‌జీ కంపెనీ బంతికి సీమ్, అంటే కుట్టు, ఎత్తుగా ఉంటుంది, లోపలికి తిరిగి ఆ సందులోంచే దూరుతుంది.

బౌన్సర్‌కి కళ్లు మూసుకోకు, చేతులు కిందకి దించి పక్కకి వాలు. అంతే.

స్పిన్నర్‌కి నీ బ్యాట్ దగ్గరే షార్ట్ లెగ్, సిల్లీ పాయింట్ ఫీల్డర్లని పెట్టారంటే బ్యాట్ ప్యాడ్‌కి ముందుండాలి. ప్యాడ్ వెనక దాచి ఆడినట్టు నటించకు. షాట్ ఆడే ప్రయత్నం లేదని అంపైర్‌కి అనిపిస్తే, ఆఫ్ స్టంప్ బయట తగిలినా, వికెట్లకి తగిలే బంతి అయితే ఔటివ్వచ్చు. ముందుకెళ్తే బంతి పడిన చోటిదాకా వెళ్లు, లేదంటే పూర్తిగా వెనక్కి రా.

అలాగని రోజంతా గోడలా నిలబడితే చాలనుకోకు. 2016లో మన విశాఖ పీఎం పాలెం స్టేడియంలో జరిగిన టెస్టులో ఇంగ్లండ్‌కి 405 లక్ష్యం. వాళ్ల ఓపెనర్లు కుక్, హమీద్ 50 ఓవర్లు దాటి నిలబడి 75 పరుగులు చేశారు. కుక్ 188 బంతుల్లో 54, హమీద్ 144 బంతుల్లో 25. హమీద్‌ని అశ్విన్ బంతి కింద ఉండిపోయి ఎల్బీగా పట్టుకుంది. కుక్ ఆ రోజు చివరి బంతికి ఔటయ్యాడు. మర్నాడు 71 పరుగులకే మిగతా 8 వికెట్లు రాలాయి. ఆ స్థితిలో వాళ్లకి వేరే దారి లేదనుకో, తప్పు పట్టను. నువ్వు మొదటి ఇన్నింగ్స్‌లో అలా బిగుసుకుంటే మాత్రం ఫీల్డర్లు మీదకొచ్చేస్తారు. మెత్తగా ఆపిన బంతికి సింగిల్ తీస్తే వాళ్లే వెనక్కి జరుగుతారు. 2019లో ఇదే మైదానంలో మయాంక్ 371 బంతుల్లో 215 చేశాడు, రోహిత్‌తో 317 జోడించాడు. చెడ్డ బంతి వస్తే విడిచిపెట్టలేదు కాబట్టే అంత వచ్చింది.

మన ఊరి ఉక్కపోతకి గ్లవ్స్ మూడు జతలు పెట్టుకో, ప్రతి డ్రింక్స్‌కి మార్చు. తడిసినవి ఎండలో ఆరెయ్యి. ఉప్పు వేసిన మజ్జిగ సీసా పన్నెండో ఆటగాడికి ముందే ఇచ్చిపెట్టు, కూల్‌డ్రింకులు వద్దు. బ్రేక్ అయిన వెంటనే వచ్చే ఓవర్ని ఇన్నింగ్స్ మొదటి ఓవర్‌లాగే ఆడు, ఏకాగ్రత చెదిరేది అక్కడే. 80 ఓవర్లయ్యాక రెండో కొత్త బంతి తీసుకునేసరికి నువ్వు ఇంకా క్రీజులో ఉంటే, 70 కొట్టినా 100 కొట్టినా మళ్లీ మొదటినుంచీ ఇదే వరస.

ఆట అయ్యాక స్కోరర్ దగ్గర కూర్చుని ఎన్ని బంతులాడావో రాసుకో. ఎన్ని వదిలావో, వదలాల్సిన వాటిలో ఎన్నింటి వెంటపడ్డావో కూడా గుర్తున్నంతలో రాసి నాకు వాట్సాప్ చెయ్యి. అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య
విశాఖపట్నం