మందుల డబ్బాలు పెట్టే ముందు

బిడ్డా,

దేవరకొండ చుట్టుపక్కల ఊర్లల్లో మిగిలిపోయిన మందులు పోగుచేయిస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మా ఇంటి పిల్ల ఇట్లాంటి పని ఎత్తుకున్నదని సంబురపడ్డా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఏఎన్ఎంగా తిరిగినదాన్ని, ఇండ్లల్లో గూళ్లు నాకు తెలుసు. సగంలో ఆపిన యాంటీబయాటిక్, ఎప్పుడో పోయిన తాత బీపీ గోళీలు, మూత అతుక్కుపోయిన దగ్గు మందు, అన్నీ ఒక్క కవర్లోనే.

స్ట్రిప్పులు విప్పొద్దు. చీటీల మీది పేర్లు కొట్టేయ్. ఇన్సులిన్ సూదులు మందమైన ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించమను. కుప్పపోసి కాల్చొద్దు, చెరువు గట్టున పూడ్చొద్దు.

ఇప్పుడు అసలు సంగతి విను. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక సంఘం పిల్లలు ఇట్లనే బయలుదేరారు. డేటు దాటని గోళీలు పేదోళ్లకు పంచుదామనుకున్నారు. చోటు చాలక స్ట్రిప్పుల్లోంచి విప్పి డబ్బాల్లో పోశారు. తెల్ల గోళీలన్నీ ఒక్క తీరుగనే ఉంటాయి కదా! తండాలో ఒకామెకు ఒళ్లు నొప్పులకని ఇచ్చినవి షుగరు గోళీలు. పరగడుపున మింగి నాట్లకు పోయింది. చెమటలు, వణుకు, మాట తడబాటు. నేను పోయేసరికి వేపమండలతో కొడుతున్నారు, దయ్యం పట్టిందని. మింగే తెలివి ఇంకా ఉంది కాబట్టి చక్కెర నీళ్లు తాగించిన. (తెలివి తప్పినోళ్ల నోట్లో ఏదీ పోయకు, గొంతుకు అడ్డం పడతది.) లేచి కూర్చుంది, ఇంకేం భయం లేదన్నారు అందరూ. నేను ఒప్పుకోలేదు. ఆ గోళీ ప్రభావం గంటల తరబడి ఉంటది, షుగరు మళ్లీ పడిపోతది. జీపు మాట్లాడి నల్లగొండకు పంపించిన. బతికింది. కానీ ఆ తర్వాత చాలా రోజులు నా ఐరన్ గోళీలను కూడా ఆ తండాలో ఎవరూ ముట్టలేదు.

అందుకే చెప్తున్నా, నీ డబ్బాలో పడ్డ గోళీ మళ్లీ మనిషి నోట్లోకి పోవద్దు. డేటు ఉన్నా సరే, అడిగినోళ్లు మన చుట్టాలైనా సరే. నీది మెత్తటి మనసు, అదే నా టెన్షన్.

2016 చెత్త నిబంధనలే కాలం చెల్లిన మందులను ఇంటి ప్రమాదకర చెత్తగా లెక్కగట్టాయి. కేరళలో 2025లో ఔషధ నియంత్రణ శాఖే కోజికోడ్‌లో మందులు సేకరించి కాల్చే ఏర్పాటు మొదలుపెట్టింది. అక్కడ సర్కారు వెనకుంది, నీ వెనక ఎవరున్నారు? డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌ను, జిల్లా వైద్యాధికారిని కలువు. ఆసుపత్రి వ్యర్థాలు కాల్చే అనుమతి ఉన్న కేంద్రం నీ మూటలు తీసుకుంటుందా అడుగు, నోటిమాట నమ్మకు. క్యాన్సర్ నొప్పికి వాడే మార్ఫిన్, ఫెంటానిల్ పట్టీల వంటివి నీ దగ్గర పెట్టుకోకు. వాటి సంగతి వేరే, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ వాటిని ఇంట్లోనే టాయిలెట్‌లో ఫ్లష్ చేయమంటోంది.

వేళకు తిను. ఎండల్లో తిరగకు. ఆ కాల్చే కేంద్రం వాళ్ల కాగితం చేతికొచ్చినాక ఫోన్ చెయ్, డబ్బాలు కొనడానికి పైసలు నేనిస్తా.

మీ పెద్దమ్మ