గూగుల్ ఫోటోస్‌లోకి ల్యాప్‌టాప్ నుంచి అప్‌లోడ్ ఆగిపోతే ఏం చూడాలి?

మీ ప్రశ్న: బెంగళూరులో పీజీలో ఉంటున్నారు, ల్యాప్‌టాప్‌లోని గూగుల్ డ్రైవ్ యాప్ ఫోటోలు ఎక్కించడం మానేసింది, కొన్ని తీసేస్తే గుంటూరులో అదే అకౌంట్ వాడుతున్న అమ్మగారికీ కనిపించకుండా పోతాయా?

ల్యాప్‌టాప్ ఫోల్డర్‌లోంచి తీసేస్తే పోవు. ఫోటోస్‌కి బ్యాకప్ ఒకవైపే నడుస్తుంది. గూగుల్ ఫోటోస్ వెబ్‌సైట్‌లో తీసేస్తే మాత్రం అమ్మగారి గూగుల్ ఫోటోస్‌లోంచీ పోతాయి. టెన్షన్ పడకండి, బ్యాకప్ అయిన ఫోటోలు 60 రోజులు ట్రాష్‌లో ఉంటాయి.

అప్‌లోడ్ ఆగడానికి ఎక్కువసార్లు కారణం చోటు లేకపోవడమే. ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడూ పంచుకుంటాయి. 2021 జూన్ 1కి ముందు 'హై క్వాలిటీ'లో, అంటే సైజు కాస్త తగ్గించి దాచే సెట్టింగ్‌లో, ఎక్కించినవి లెక్కలోకి రావు. ఆ తర్వాతవన్నీ వస్తాయి. అందుకే పాత పెళ్లి ఫోటోలు తీసేసి లాభం లేకపోవచ్చు. ముందు పెద్ద వీడియోలు, బరువైన అటాచ్‌మెంట్లు ఉన్న మెయిల్స్ చూడండి. ట్రాష్ ఖాళీ చేస్తేనే చోటు దొరుకుతుంది, చాలామంది వదిలేసేది ఇదే. ఫోటోస్ సెట్టింగ్స్‌లో 'రికవర్ స్టోరేజ్' నొక్కితే ఉన్నవాటి సైజు తగ్గుతుంది, కానీ ఒరిజినల్ క్వాలిటీ మళ్లీ రాదు. నేనైతే ఒరిజినల్స్ ముందు హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తాను.

చోటున్నా కదలకపోతే యాప్‌లో ఏ అకౌంట్ లాగిన్ అయి ఉందో, సింక్ పాజ్‌లో ఉందేమో చూడండి. సీ డ్రైవ్ నిండినా ఇబ్బందే. పీజీ వైఫై సంగతి మీకు తెలిసిందే, రాత్రి అప్‌లోడ్ నడిచేలా వదిలేయండి.