న్యూట్రిషన్ చదువుతానంటున్న అమ్మాయి తండ్రికి

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక చిన్న ఊరు. ఎరువుల దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. నీట్ రెండుసార్లు రాసింది, ఎంబీబీఎస్ సీటు రాలేదు. ఇప్పుడు న్యూట్రిషన్ చదువుతానంటోంది. బంధువులేమో "అది వంట చదువు, దానికి డిగ్రీ ఎందుకు" అంటున్నారు. ఈ చదువుకు ఉద్యోగాలు ఉన్నాయా? ఖర్చు తగ్గుతుందని దూరవిద్యలో చేయించవచ్చా? మా అన్నయ్య కుటుంబం అమెరికాలో ఉంది. ఈ డిగ్రీ అక్కడ పనికొస్తుందా?

జవాబు: అయ్యా, మీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాను. వాటికంటే ముందు ఇంట్లో తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. అమ్మాయి ఈ చదువును ఇష్టపడి కోరుకుంటోందా, సీటు రాలేదన్న బాధలో చేతికందిన దాన్ని పట్టుకుంటోందా? ఈ మాట గద్దించి అడగకండి. రాత్రి భోజనాలయ్యాక, ఎవరూ లేనప్పుడు, "ఇందులో నీకు నచ్చింది ఏమిటమ్మా" అని అడగండి. రెండేళ్లు నీట్‌కు కూర్చున్న పిల్లలు అలసిపోయి ఉంటారు. అలసటలో తీసుకున్న నిర్ణయమైతే రెండో సంవత్సరంలో బయటపడుతుంది. బాధలో మొదలుపెట్టినా పర్వాలేదు, మధ్యలో ఇష్టం పుట్టినవాళ్లను చాలామందిని చూశాను. కాకపోతే మీ ఇద్దరికీ ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

ఇక "వంట చదువు" అన్న మాట. అది విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఈ శాస్త్రం మన దేశంలో మొదలైందే జబ్బుల నుంచి. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకు ఒక చిన్న విభాగం పెట్టారు. బాగా మరపట్టిన తెల్లటి బియ్యమే ప్రధాన ఆహారమైన చోట్ల, తవుడుతో పాటు బి1 విటమిన్ పోయి, కాళ్లు చచ్చుబడి, గుండె దెబ్బతిని మనుషులు చనిపోయేవారు. ఆ చిన్న విభాగమే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. అక్కడి శాస్త్రవేత్తలు, వారిలో డాక్టర్ సి. గోపాలన్ ముఖ్యులు, మన దక్కన్ ప్రాంతపు పేదల్లో పెల్లాగ్రా కనిపించడం గమనించారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మతి చెదరడం ఆ జబ్బు లక్షణాలు. అప్పటిదాకా దాన్ని మొక్కజొన్న తినేవాళ్ల జబ్బనే అనుకునేవారు. ఇక్కడ వచ్చింది జొన్నన్నం మీద బతికే కూలీలకు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం దీనికి కారణం కావచ్చని ఆ బృందం ప్రతిపాదించింది. ఒక కూలీ కంచంలోని ముద్ద నుంచి రసాయనశాస్త్రం దాకా వెళ్లి, మళ్లీ ఆ కంచం దగ్గరికి తిరిగి రావడం, అదీ ఈ చదువు. రక్తహీనతకు గర్భిణులకు ఇచ్చే మాత్రల్లో ఐరన్‌తో పాటు ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మీ బంధువులకు ఈ సంగతులు చెప్పండి.

అమ్మాయి చదవబోయే పాఠాల్లో వంట ఒక చిన్న భాగం. మిగిలినదంతా శరీర ధర్మశాస్త్రం, జీవరసాయనం, ఆహార సూక్ష్మజీవశాస్త్రం, జబ్బును బట్టి ఆహారం నిర్ణయించే డైట్ థెరపీ, గణాంకశాస్త్రం. బైపీసీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే భయపడిన పిల్లలకు మొదటి రెండేళ్లు కష్టమే. నీట్ కోసం చదివింది కాబట్టి మీ అమ్మాయికి ఆ ఇబ్బంది తక్కువ. ఆ రెండేళ్లు వృథా కాలేదని ఆమెకు చెప్పండి.

ఈ వృత్తిలో అసలు కష్టం పుస్తకాల్లో ఉండదు, మనిషిని అడగడంలో ఉంటుంది. డయాలసిస్‌కు వచ్చే ఒక పెద్దాయన్ని ఊహించుకోండి. డైటీషియన్ ఎదురుగా కూర్చుని "అన్నం ఎంత తింటారు" అంటే "కొంచెమేనమ్మా" అంటారు. ఆ కొంచెం ఎంత? సోలెడు బియ్యం అన్నమా, గిద్దెడా? పప్పు తింటారా అంటే తింటామంటారు. కానీ అది గట్టి ముద్దపప్పా, గరిటెడు పప్పుకు చెంబెడు నీళ్లు పోసిన పప్పుచారా? వంద గ్రాముల కందిపప్పులో సుమారు 21, 22 గ్రాముల ప్రొటీన్లు ఉంటాయి. కంచంలోకి వచ్చే పలుచటి పప్పులో ఎన్ని గ్రాములు మిగిలాయో తెలియాలంటే ఆ ఇంట్లో ఎంత పప్పు ఎంతమందికి వండారో అడగాలి. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే వరకు ఏం తిన్నారో, ఏం తాగారో కొలత గిన్నెలు ముందు పెట్టి ఒక్కొక్కటిగా రాబట్టే పద్ధతి ఒకటి ఉంది. ఇరవై నాలుగు గంటల ఆహార జ్ఞాపకం అంటారు దాన్ని. వినడానికి సులువుగా ఉంటుంది. చేసి చూస్తే తెలుస్తుంది, మనుషులు టీ తాగిన సంగతి మరిచిపోతారు, పచ్చడి లెక్కలోకి రాదనుకుంటారు, కూతురు పక్కన ఉంటే మిఠాయి సంగతి దాస్తారు.

అదే పెద్దాయనకు చుట్టుపక్కలవాళ్లు "ఒంట్లో వేడి తగ్గుతుంది, కొబ్బరిబోండాం తాగు" అని సలహా ఇచ్చి ఉంటారు. మూత్రపిండాలు పనిచేయని మనిషికి అందులోని పొటాషియం గుండె ఆగిపోయేంత ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. కూరగాయల్ని చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుకుంటే పొటాషియం తగ్గుతుంది. మామూలు మనిషికి ఆ నీళ్లు పారబోయవద్దని చెప్పే శాస్త్రమే, ఈయనకు పారబోయమని చెబుతుంది. ఆవకాయ లేకుండా ముద్ద దిగని మనిషికి ఉప్పు తగ్గించమని చెప్పి ఒప్పించడం ఇంకో విద్య. తిట్టకుండా, భయపెట్టకుండా చెప్పాలి, ఆయన భార్యను వంటగది నుంచి పిలిచి ఆమెకూ అర్థమయ్యేలా చెప్పాలి. ఈ ఓపిక మీ అమ్మాయిలో ఉందా? ఇంట్లో నాయనమ్మతో, అమ్మమ్మతో ఎలా మాట్లాడుతుందో మీకే బాగా తెలుసు. మార్కుల కంటే దానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఇప్పుడు దారి సంగతి. దయచేసి దీన్ని మూడేళ్ల డిగ్రీగా చూడకండి. ఐదారేళ్ల ప్రయాణంగా లెక్కవేయండి. డిగ్రీ తరువాత ఎమ్మెస్సీ, దానితో పాటు ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్, ఆ తరువాత భారతీయ డైటెటిక్ అసోసియేషన్ నిర్వహించే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష. బీఎస్సీతోనే ఆగినవాళ్లు ఎక్కువగా జిమ్ముల్లోనో, బరువు తగ్గించే కేంద్రాల్లోనో చేరి అక్కడే ఉండిపోతారు. పెద్ద ఆస్పత్రులు అడిగేది ఎమ్మెస్సీ, వార్డు అనుభవం. ఈ సంగతి ముందే చెప్పే వాళ్లు లేక చాలామంది పిల్లలు నాలుగో ఏడాదిలో నా దగ్గరికి వచ్చి బాధపడతారు.

డిగ్రీకి రెండు రకాల దారులున్నాయి. ఒకటి, వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోని నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ కమ్యూనిటీ సైన్స్. పాతవాళ్లు హోమ్ సైన్స్ అనేది ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో ఆచార్య ఎన్.జి.రంగా విశ్వవిద్యాలయం, తెలంగాణలో సైఫాబాద్ కళాశాల ఉన్న ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయం దీన్ని నడుపుతున్నాయి. ఫీజు తక్కువ, ప్రయోగశాలలు బాగుంటాయి, పల్లెలకు తీసుకెళ్లి పని చేయిస్తారు. మీ ఆర్థిక పరిస్థితిని బట్టి చూస్తే నా మొదటి ఓటు దీనికే. రెండోది, మామూలు డిగ్రీ కళాశాలల్లో న్యూట్రిషన్ సబ్జెక్టుగా ఉన్న బీఎస్సీ. ఏ సబ్జెక్టును మేజరుగా, అంటే ప్రధాన సబ్జెక్టుగా, తీసుకుంటుందో జాగ్రత్తగా చూసుకోవాలి. దగ్గరలో న్యూట్రిషన్ లేకపోతే బయోకెమిస్ట్రీ మేజరుగా తీసుకున్నా ఎమ్మెస్సీ వైపు దారి పూర్తిగా మూసుకుపోదు, కొన్ని విశ్వవిద్యాలయాలు జీవశాస్త్ర నేపథ్యం ఉన్నవారినీ తీసుకుంటాయి. ఎమ్మెస్సీకి తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం చూడండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ స్వయంగా అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ నడుపుతోంది. సీట్లు చాలా తక్కువ, పోటీ గట్టిగా ఉంటుంది. అక్కడ సీటు వస్తే మాత్రం మరో ఆలోచన పెట్టుకోకుండా పంపండి.

దూరవిద్య వద్దు. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. పోషకాహారం, డైటెటిక్స్ వంటి ఆరోగ్య సంబంధ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపవద్దని యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, 2025 విద్యా సంవత్సరం నుంచే ఆదేశించింది. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం డైటీషియన్లను, న్యూట్రిషనిస్టులను కూడా తన పరిధిలోకి తెచ్చుకుంది. ముందుముందు రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకే వృత్తిలో నిలబడే వీలుంటుందన్నమాట. "మూడు నెలల్లో సర్టిఫికెట్" అని ఫోనుకు వచ్చే ప్రకటనల వైపు చూడవద్దు.

ఉద్యోగాలున్నాయా అన్నారు. ఉన్నాయి, కానీ మొదటి జీతం చూసి మనసు కష్టపెట్టుకోకూడదు. కార్పొరేట్ ఆస్పత్రుల్లో కూడా కొత్తవాళ్లకు పాతిక వేల లోపే మొదలవుతుందనుకుని లెక్క వేసుకోండి. మూత్రపిండాలు, క్యాన్సర్, ఐసీయూ, చిన్నపిల్లల విభాగాల్లో ఏదో ఒకదానిలో మూడు నాలుగేళ్లు గట్టిగా పనిచేసినవాళ్ల విలువ ఆ తరువాత పెరుగుతుంది. ప్రభుత్వంలో చూస్తే, స్త్రీ శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజర్, సీడీపీవో (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) పోస్టులకు హోమ్ సైన్స్, న్యూట్రిషన్ చదివినవారు పోటీపడవచ్చు. నోటిఫికేషన్లు ఏటా రావు, అది తెలిసి సిద్ధం కావాలి. ఆ పని అవసరం ఎంతుందో చెప్పడానికి ఒక్క లెక్క చాలు: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. పుట్టిన ఊరి ఆడవాళ్లకు పనికొచ్చే ఉద్యోగం అది. బోధన ఇష్టమైతే అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో హోమ్ సైన్స్ రాయాలి. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ కావాలనుకుంటే మాత్రం జాగ్రత్త. ఆ పోస్టు అర్హతల్లో ఫుడ్ టెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ వంటి పేర్లు స్పష్టంగా ఉంటాయి. న్యూట్రిషన్ డిగ్రీ ఒక్కటే చాలుతుందనుకోకుండా నోటిఫికేషన్‌లోని అర్హతల్ని ఒక్కొక్కటిగా చదవండి.

ఒక హెచ్చరిక. చదువు మధ్యలోనే కొందరు వచ్చి "మా పౌడర్ డబ్బాలు అమ్మి పెట్టు, నెలకు ఇంత వస్తుంది" అంటారు. న్యూట్రిషన్ విద్యార్థి అన్న పేరును వాడుకోవడానికే అది. అమ్మాయిని అటు వెళ్లనివ్వకండి. సలహా చెప్పే మనిషే సరుకు అమ్మితే, ఆ సలహాను రోగి ఎలా నమ్ముతాడు?

అమెరికా గురించి క్లుప్తంగా. అక్కడ డైటీషియన్ కావాలంటే 2024 జనవరి నుంచి మాస్టర్స్ స్థాయి డిగ్రీ ఉంటేనే పరీక్ష రాయనిస్తున్నారు. మన డిగ్రీలను విలువ కట్టించుకోవాలి, సాధారణంగా అక్కడి గుర్తింపు ఉన్న కోర్సు కొంత, పర్యవేక్షణలో శిక్షణ కొంత మళ్లీ చేయాలి. బ్రిటన్‌లో డైటీషియన్ అన్న పేరు చట్ట రక్షణలో ఉంది, రిజిస్టర్ కాకుండా వాడకూడదు. కాబట్టి ఇక్కడి డిగ్రీ చేతపట్టుకుని వెళ్లి వెంటనే ఉద్యోగంలో చేరవచ్చన్న ఆశ పెట్టుకోకండి. ఇక్కడ ఎమ్మెస్సీ, రెండేళ్ల ఆస్పత్రి అనుభవం పూర్తయ్యాక ఆలోచించవచ్చు. అప్పటికి ఆమె నిర్ణయం ఆమే తీసుకోగలదు.

దరఖాస్తు చేసే ముందు అమ్మాయితో ఒక పని చేయించండి. వంటింటి తూకం ఒకటి కొనండి. వారం రోజుల పాటు ఇంట్లో నాయనమ్మ తినే ప్రతిదీ, వండక ముందు బియ్యం, పప్పు, కూరగాయలు, నూనెతో సహా తూచి రాయమనండి. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పోషక విలువల పట్టికలో 528 ఆహార పదార్థాల వివరాలున్నాయి. దాన్ని ముందుపెట్టుకుని ఆ కంచంలో ప్రొటీన్లు ఎన్ని గ్రాములు, ఇనుము ఎన్ని మిల్లీగ్రాములు వచ్చాయో లెక్క కట్టమనండి. పెద్దవాళ్లకు రోజుకు శరీర బరువు కిలోకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని 2020 సిఫారసు. లెక్క తక్కువ వస్తే, నాయనమ్మకు నచ్చేలా, మీ ఊళ్లో దొరికే వాటితోనే, ఖర్చు పెరగకుండా ఏం మార్చవచ్చో ఆమెతోనే కూర్చుని మాట్లాడమనండి. ఆ వారం ఆమెకు విసుగు పుట్టిందా, ఎనిమిదో రోజు కూడా తూకం తీసిందా అన్నది నాకు రాయండి. ఏ కళాశాలకు దరఖాస్తు పెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం.