పేకాట అప్పులన్నీ ఒకేసారి తీర్చేస్తే ఆయన మానేస్తారా?

ప్రశ్న: మాది విజయనగరం. మా వారికి 36 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో పని, చేతికి 58,000 వస్తుంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 24,000. ఇద్దరు పిల్లలు. అద్దె, ఫీజులు అన్నీ కలిపి ఇంటి ఖర్చు నెలకు 38,000. ఆయన నాలుగేళ్లుగా ఫోన్లో రమ్మీ, క్రికెట్ బెట్టింగ్ ఆడుతున్నారు. 2023లో మా నాన్నగారు 3 లక్షలు ఇచ్చి అప్పులు తీర్చారు. ఇప్పుడు మళ్లీ పర్సనల్ లోన్ 4,80,000 (16 శాతం, ఇంకా 36 కిస్తీలు), క్రెడిట్ కార్డు మీద 1,90,000, మూడు లోన్ యాప్‌లలో 85,000, తోటి ఉద్యోగుల దగ్గర చేబదులు 1,40,000 ఉన్నాయని చెప్పారు. మాకున్నది ఆయన పేరున 2,10,000 ఎఫ్‌డీ, నా 9 తులాల బంగారం. అత్తగారి ఇంటి కాగితాలు పెట్టి, తెలిసినాయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి 9 లక్షలు తెచ్చి అన్నీ ఒకేసారి తీర్చేద్దామని మా మరిది అంటున్నాడు. ఇక ఆడనని మా వారు పిల్లల మీద ఒట్టేశారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ 9 లక్షలు తేవద్దు. ఇంటి కాగితాలు బీరువాలోంచి బయటికి రానే కూడదు.

మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 9 లక్షల మీద నెలకు 27,000 వడ్డీకే పోతుంది, అసలు పైసా తగ్గదు. మీరిప్పుడు 16 శాతానికి కడుతున్న పర్సనల్ లోన్‌ను తీసుకెళ్లి 36 శాతంలో పడేయడం ఏ లెక్కన అప్పు తీర్చడం? పైగా అక్కడ ప్రామిసరీ నోటు మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు తీసుకుంటారు. రెండు నెలలు వడ్డీ ఆగితే ఆ చెక్కు బ్యాంకులో పడుతుంది, బౌన్స్ అవుతుంది, చెక్కు కేసు నడుస్తుంది. ఈ ఆటతో ఏ సంబంధమూ లేని మీ అత్తగారు నీడ పోగొట్టుకుంటారు. మరిది గారి ఉద్దేశం మంచిదే కావచ్చు, ఆ సలహా మాత్రం ప్రమాదం.

ఇలాంటి ఇళ్లన్నింట్లో జరిగే పొరపాటు ఒకటే. అప్పును జబ్బు అనుకుంటారు. అప్పు జ్వరం లాంటిది, జబ్బు ఆట. ఒకేసారి అంతా తీర్చేస్తే ఆడేవాడి చేతికి ఖాళీ అయిన లిమిట్లు, బాగుపడిన క్రెడిట్ స్కోరు, మళ్లీ అప్పిచ్చే స్నేహితులు దొరుకుతారు. మీ నాన్నగారి 3 లక్షలు చేసింది అదే. ఇవాళ కార్డు బాకీ 1,90,000 కట్టేశారనుకోండి, రేపు ఉదయానికి ఆ కార్డు మీద 1,90,000 వాడుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఒట్టు వేసినప్పుడు ఆయన మనస్ఫూర్తిగానే వేసి ఉంటారు. కానీ ఒట్టు పగలు వేస్తారు, ఆట రాత్రి పదకొండింటికి, మ్యాచ్ ఆఖరి ఓవర్లలో పిలుస్తుంది.

చట్టం వచ్చింది కదా, యాప్‌లు మూసేశారు కదా అని ధీమా వద్దు. ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని పార్లమెంటు 2025 ఆగస్టు 21న ఆమోదించింది, మర్నాడే రాష్ట్రపతి సంతకం పెట్టారు. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడించే ఆటలన్నీ నిషేధం. ఆడించేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు చేసేవాళ్లకు రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవాళ్లకు ఈ చట్టంలో శిక్ష లేదు, కాబట్టి పోలీసులకు భయపడి సంగతి దాచాల్సిన పని లేదు. ఇది అవసరమైన చట్టమే. కానీ తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. ఫోన్లో లొకేషన్ మార్చి ఆడినవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఇప్పుడు పెద్ద యాప్‌లు ఆగాక ఆట టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లోకి, విదేశీ సైట్లలోకి మళ్లింది. అక్కడ డబ్బు వేసేది ఎవరివో అద్దె ఖాతాల్లోకి. గెలిచిన డబ్బు వచ్చేదీ అలాంటి ఖాతాల నుంచే. ఆ ఖాతా మీద ఏ రాష్ట్రంలోనైనా సైబర్ ఫిర్యాదు ఉంటే, అందులోంచి 2,000 వచ్చినా మీ వారి జీతం ఖాతా స్తంభించిపోవచ్చు. విడిపించుకోవడానికి వారాలు పడుతుంది. ఖాతా అద్దెకిస్తే కమిషన్ ఇస్తామని ఆయన్ని ఎవరైనా అడిగారేమో కనుక్కోండి. ఇచ్చి ఉంటే అది నేరం, వెంటనే వకీలును కలవాలి.

ముందు అప్పుల అసలు లెక్క తేల్చండి. ఇలాంటి వ్యవహారంలో మొదటిసారి చెప్పిన జాబితా పూర్తిగా ఉండదు. ఎవరికి ఎంత అప్పుందో నమోదు చేసే కంపెనీలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీయించండి, ఆయన పక్కన కూర్చునే తీయించండి. తర్వాత యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా, బ్యాంకు ఖాతాలో నమోదైన మ్యాండేట్లు (కిస్తీ దానంతటదే కట్ కావడానికి ఇచ్చిన అనుమతులు), ఈమెయిల్‌లో లోన్ మంజూరు లేఖలు చూడండి. చేబదుళ్లు ఏ రిపోర్టులోనూ రావు. వాటికి పేరు, మొత్తం, తేదీ ఆయన చేతే రాయించాలి.

ఇక అత్యవసర నిధి. ఇంత అప్పుంటే నిధి ఏమిటి, ఎఫ్‌డీ తీసి కట్టేస్తే వడ్డీ మిగులుతుంది కదా అంటారు. మామూలు ఇంటికి నేనూ అదే చెబుతాను, ఎఫ్‌డీ మీద వచ్చే వడ్డీ కంటే కార్డు వడ్డీ ఎన్నో రెట్లు. మీ ఇంటికి మాత్రం చెప్పను. జూన్‌లో ఇద్దరు పిల్లల ఫీజు, లేదంటే ఒకరికి డెంగీ వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రి, ఏదైనా సరే చేతిలో డబ్బు లేకపోతే ఆయన వెళ్లేది లోన్ యాప్‌కే. ఆ బాకీ తీర్చడానికి ఆయనకు తెలిసిన దారి ఆట ఒక్కటే. పోయింది తిరిగి రాబట్టాలన్న తపనే ఈ వ్యసనాన్ని నడిపించేది. ఆ తపనకు సాకు దొరక్కుండా చేసేది ఇంట్లో ఉన్న నగదు. అందుకే మూడు నెలల ఇంటి ఖర్చు 1,14,000 దేనికీ ముట్టుకోకూడదు, ఏడాదికి 42 శాతం పడే కార్డు వడ్డీ ఆపడానికి కూడా.

ఎఫ్‌డీ ఆయన పేరున ఉండటం ఇంకా ప్రమాదం. ఫోన్లో రెండు నిమిషాల్లో రద్దయిపోతుంది. ఇద్దరూ బ్యాంకుకు వెళ్లి దాన్ని మూసేయండి. ముందే మూసినందుకు వడ్డీలో కొంత కోత పడుతుంది, పడనివ్వండి. 85,000 లోన్ యాప్‌లకు తీయండి. మిగిలిన 1,25,000 మీ ఒక్కరి పేరున, వేరే బ్యాంకులో, మొబైల్ యాప్ పెట్టుకోకుండా, కాగితం రసీదుతో ఎఫ్‌డీ చేయండి. ఆయన డబ్బు కాబట్టి దానిపై వడ్డీ ఆయన ఆదాయంలోనే కలిపి చూపించాలి, అది పెద్ద మొత్తం కాదు. ఒకే ఎఫ్‌డీగా కాకుండా 25,000 చొప్పున ఐదు చేస్తే, అవసరానికి ఒకటి తీస్తే చాలు.

లోన్ యాప్‌లకు డబ్బు మీ చేత్తోనే కట్టండి, ఆయన ఖాతాలో వేయకండి. కట్టేముందు ఆ యాప్ వెనక ఉన్న కంపెనీ రిజర్వ్ బ్యాంకు గుర్తింపు ఉన్నదో కాదో చూడండి. డిజిటల్ లోన్ యాప్‌ల జాబితా 2025 జులై నుంచి రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది. జాబితాలో ఉన్నదైతే సొమ్ము నేరుగా ఆ కంపెనీ ఖాతాలోకే వెళ్లాలి, ఏజెంటు పంపిన క్యూఆర్ కోడ్‌కు కాదు. లోన్ ముగిసినట్టు లేఖ తీసుకోండి. జాబితాలో లేనిదై, ఫొటోలు మార్ఫింగ్ చేస్తాం, బంధువులకు ఫోన్లు చేస్తాం అని బెదిరిస్తే స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. గుర్తింపు ఉన్న కంపెనీ ఏజెంట్లు కూడా ఉదయం 8 లోపు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదు, బంధువులను వేధించకూడదు. ఈ అప్పుల్లో మీరు సహ రుణగ్రహీత కాదు, జామీను కాదు. ఎవరడిగినా కొత్తగా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

కార్డు సంగతి. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 1,90,000 మీద 6,650, దాని మీద జీఎస్టీ 1,197. మొత్తం 7,847. మినిమం డ్యూ అని 9,500 కడుతుంటే బాకీ తగ్గేది 1,653 మాత్రమే. బ్యాంకుకు ఫోన్ చేసి మొత్తం బాకీని 18 నెలల ఈఎంఐగా మార్చమనండి. 16 శాతానికి ఇస్తే జీఎస్టీతో కలిపి నెలకు 12,400 లోపు పడుతుంది. అదే రోజు కార్డులో ఆన్‌లైన్ వాడకం ఆపించి, లిమిట్ తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. ఆఖరి కిస్తీ కట్టిన రోజే మూసేయమని దరఖాస్తు ఇవ్వండి. బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూయకపోతే బ్యాంకే రోజుకు 500 చొప్పున మీకు కట్టాలి.

ఇప్పుడు నెల లెక్క చూడండి. ఇద్దరి జీతం 82,000. ఇంటికి 38,000, పర్సనల్ లోన్ కిస్తీ దాదాపు 16,900, కార్డుకు 12,400. మిగిలేది 14,700. అందులో 7,000 చేబదుళ్లకు పెడితే 20 నెలల్లో తీరిపోతాయి. ఇంకో 7,000 నిధికి వేస్తే 15 నెలల్లో అది ఆరు నెలల ఖర్చుకు, అంటే 2,28,000కు చేరుతుంది. కొత్త అప్పు ఒక్క రూపాయి లేకుండా ఇదంతా జరుగుతుంది. చేబదులు ఇచ్చినవాళ్లకు మీరే ఫోన్ చేసి నెలనెలా ఎంత వస్తుందో చెప్పండి, ఇకమీదట ఆయనకు ఇవ్వవద్దనీ చెప్పండి. ఇబ్బందిగానే ఉంటుంది, కానీ ఆ తలుపు మూయగలిగేది మీరే. పర్సనల్ లోన్‌ను కదపకండి, దాని మీదే ఇంకొంత అప్పిస్తామని టాప్-అప్ ఆఫర్లు వస్తే మెసేజ్ చెరిపేయండి.

ఈ లెక్క నిలవాలంటే జీతం దారి మారాలి. జీతం పడిన రోజే మీ ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించండి. కిస్తీలకు సరిపడా మాత్రమే ఆ ఖాతాలో ఉండాలి. దానికి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపమని బ్రాంచిలో రాసివ్వాలి. ఆయన చేతి ఖర్చుకు వేరే చిన్న ఖాతా, ఇంటి ఖర్చులోంచే వారానికి 700, సోమవారం సోమవారం వేయండి. నెలకు ఒకేసారి 3,000 వేస్తే అది ఒక్క రాత్రి పందెం అవుతుంది. ఇది శిక్షలా కాకుండా ఇద్దరూ కూర్చుని ఒప్పుకున్నట్టు ఉండాలి, బలవంతంగా పెడితే రెండో సిమ్ కొనుక్కుంటారు.

జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది, దానికి వైద్యం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ (14416)కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల మీకు దగ్గరే. ఆయన చనిపోతానన్నా, మీరంతా నేను లేకపోతేనే బాగుంటారన్నా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి, ఆయన్ని ఒంటరిగా వదలకుండా ముందు ఆ నంబరుకు ఫోన్ చేయండి. ఆ మాటలను బెదిరింపు అనుకోకండి. మీ ఆరోగ్య బీమాలో మానసిక వ్యాధికి ఆసుపత్రి చేరిక ఖర్చు వస్తుంది, ఓపీ ఫీజులు చాలా పాలసీల్లో రావు.

ఆయన పేరున టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే వైద్యం మొదలయ్యాక, జబ్బు సంగతి దాచకుండా తీసుకోండి. వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటే ఆ సొమ్ము మీద అప్పులవాళ్లకు హక్కుండదు. మ్యూచువల్ ఫండ్లు, చిట్టీలు ఇప్పుడు వద్దు. చిట్టీ పాడుకోవడం కూడా అప్పే.

9 తులాల బంగారం మీ ఒక్కరి పేరున లాకర్లో పెట్టండి. బ్యాంకు గోల్డ్ లోన్ వడ్డీ కార్డు కంటే చాలా తక్కువే, కానీ ఆయన ఆరు నెలలు ఆడకుండా ఉన్నాకే ఆ ఆలోచన చేయండి. అప్పుడు కూడా ఆ డబ్బు మీ చేతి నుంచి నేరుగా కార్డు బ్యాంకుకే వెళ్లాలి. ఆరు నెలలయ్యాక నాలుగు క్రెడిట్ రిపోర్టులు మళ్లీ తీయండి, ఉచితం అయిపోయి ఉంటే డబ్బు కట్టయినా సరే. అందులో కొత్త లోన్ ఎంక్వైరీ (ఆయన లోన్ అడిగిన జాడ) ఒక్కటి కనిపించినా లాకరు తాళం తీయకండి.