మా చెల్లెలి బొటనవేలు, 14 పరీక్షలు

స్పెషలిస్టులు రాసే ల్యాబ్ పరీక్షల్లో అనవసరమైనవి తగ్గాలంటే ఏం చేయాలని అడిగారు. నేను డాక్టర్ని కాదు, 11 ఏళ్ళుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఎవరు ఏం రాస్తున్నారో చెప్పే స్లిప్పులు రోజూ నా చేతుల మీదుగానే వెళ్తాయి. ముందు మా చెల్లెలి సంగతి చెప్తాను.

పాప పుట్టిన మూడో నెలలో తనకి కుడిచేతి మణికట్టు నొప్పి మొదలైంది. పాపను ఎత్తుకోవాలంటే విలవిలలాడేది. గుంటూరులో ఒక పేరున్న ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. లోపల ఉన్నది మూడు నిమిషాలు. ఆయన చెయ్యి పట్టుకుని కూడా చూడలేదు. బయటికొచ్చేసరికి చేతిలో స్లిప్, దాని మీద 14 టిక్కులు. సీబీపీ, ఈఎస్ఆర్, సీఆర్‌పీ, ఆర్ఏ ఫ్యాక్టర్, యూరిక్ యాసిడ్, థైరాయిడ్ మొత్తం, విటమిన్ డి, బీ12, ఏఎన్ఏ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బుల కోసం చూసే పరీక్ష), ఇంకా ఏవేవో. రక్తం నేనే తీశాను.

అన్నీ నార్మల్, ఏఎన్ఏ ఒక్కటి తప్ప. అది 1:80 దగ్గర, అంటే రక్తరసాన్ని 80 రెట్లు పలచన చేసి చూసినప్పుడు, వీక్ పాజిటివ్. ఇప్పుడు రిపోర్టులు డాక్టర్ చూడకముందే పేషెంట్ వాట్సాప్‌కి వెళ్ళిపోతున్నాయి. చెప్పేవాళ్ళు పక్కన లేకుండా ఆ కాగితం చదివితే మనిషి ఏమైపోతాడో ఎవరూ ఆలోచించడం లేదు. రాత్రి 11 గంటలకు మా చెల్లెలు ఫోన్ చేసింది. లూపస్ అంటే అలా సొంత శరీరం మీదే దాడి జరిగే జబ్బుల్లో ఒకటి. "అక్కా, ఇది లూపస్ అంట కదా. నా పాలు తాగితే పాపకి కూడా వస్తుందా?" అని ఒకటే ఏడుపు. రాదమ్మా అని ఎంత చెప్పినా వినలేదు. నాలుగు రోజులు పాపకి డబ్బా పాలే పట్టింది. వాళ్ళ అత్తగారేమో "ఇది పెళ్ళికి ముందు నుంచే ఉందా?" అని మా అమ్మను అడిగారు. ఆ మాట మా అమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఏ జబ్బూ లేని మనుషుల్లోనే నూటికి పది మందికి పైగా 1:80 దగ్గర ఏఎన్ఏ పాజిటివ్ వస్తుంది. లూపస్ లాంటి జబ్బుల లక్షణాలు లేకుండా ఆ పరీక్ష చేయిస్తే మిగిలేది టెన్షనే. ఆ డాక్టర్ గారు మాత్రం రిపోర్టు చూసి ఏఎన్ఏ ప్రొఫైల్ అని ఇంకా ఖరీదైన పరీక్ష రాశారు. అనవసర పరీక్షలు తగ్గించడానికి అమెరికాలో 2012లో ఛూజింగ్ వైజ్లీ అనే ప్రచారం మొదలైంది. రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన జబ్బు ఉందన్న అనుమానం లేకుండా ఇలాంటి తర్వాతి పరీక్షలకు వెళ్ళొద్దని, అక్కడి కీళ్ళ డాక్టర్ల సంఘమే అందులో భాగంగా చెప్పింది.

ఆ ప్రొఫైల్ నేను చేయించనివ్వలేదు. హైదరాబాద్‌లో ఒక రుమటాలజిస్ట్ (కీళ్ళ జబ్బుల డాక్టర్) దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ పెద్దావిడ. రిపోర్టులు పక్కన పెట్టి మాట్లాడించారు. జుట్టు ఊడుతోందా, నోట్లో పుండ్లు వస్తున్నాయా, ఎండలోకి వెళ్తే మొహం మీద దద్దుర్లు వస్తున్నాయా, పొద్దున లేచాక వేళ్ళు ఎంతసేపు బిగుసుకుని ఉంటున్నాయి? తర్వాత "బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించమ్మా" అని, ఆ పిడికిలిని మెల్లగా చిటికెన వేలి వైపు వంచారు. మా చెల్లెలు కెవ్వున అరిచింది. "ఇదేనమ్మా నీ జబ్బు" అన్నారు. దాని పేరు డీ క్వెర్వెయిన్. బొటనవేలి వైపు మణికట్టు దగ్గర, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువుల తొడుగు ఒత్తిడికి మందమై నొప్పెడుతుంది. పసిబిడ్డల్ని ఎత్తుకునే తల్లుల్లో మామూలుగా కనిపించేదే. బొటనవేలు కదలకుండా పట్టీ ఇచ్చారు, పాపను చంకల కింద వేళ్ళతో కాకుండా ముంజేతుల మీద ఎలా ఎత్తుకోవాలో చూపించారు. ఒక్క పరీక్ష కూడా రాయలేదు. రెండు నెలల్లో తగ్గిపోయింది.

అందరూ కమీషన్ల వల్లే ఇదంతా అంటారు. పేషెంట్‌ను పంపినందుకు కమీషన్ తీసుకోకూడదని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. అయినా నడుస్తోంది, కాదనను. కానీ నా అనుభవంలో అంతకంటే పెద్ద కారణం టిక్ కొట్టే స్లిప్. గడి కనిపిస్తే చెయ్యి దానంతట అదే వెళ్తుంది.

నేను ఇంతకుముందు ఒక ట్రస్టు ఆసుపత్రి ల్యాబ్‌లో చేశాను. అక్కడి పాథాలజిస్ట్ మేడమ్ స్లిప్ మార్చారు. థైరాయిడ్ కోసం చేసే టీ3, టీ4, టీఎస్‌హెచ్ పరీక్షలు మూడూ కలిపి ఉన్న గడి తీసేసి టీఎస్‌హెచ్ ఒక్కటే ఉంచారు. అది తేడాగా వస్తే అదే రక్తంతో ఫ్రీ టీ4 మేమే చేసేవాళ్ళం, మళ్ళీ సూది అక్కర్లేదు. ఇంకేమైనా కావాలంటే డాక్టర్ చేత్తో రాయాలి. నెల తిరక్కుండానే టీ3 రాసేవాళ్ళు దాదాపు లేకుండా పోయారు. ఒక్క పేషెంట్‌కీ నష్టం జరగలేదు. అలాగే థైరాయిడ్ మాత్ర డోసు మార్చాక టీఎస్‌హెచ్ కుదురుకోవడానికి ఆరు వారాలైనా పడుతుంది. పదిహేను రోజులకే మళ్ళీ చేయించుకోవడానికి వచ్చేవాళ్ళని ఇప్పటికీ చూస్తున్నాను.

ఫుల్ బాడీ ప్యాకేజీల గురించి కూడా చెప్పాలి. చాలా పరీక్షలకు నార్మల్ రేంజ్ అంటే ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది విలువలు పట్టే హద్దు. మిగతా ఐదుగురికి ఏ జబ్బూ లేకపోయినా రిపోర్టులో బోల్డ్ అక్షరాలే వస్తాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని 14 పరీక్షలు చేస్తే కనీసం ఒకటైనా అలా వచ్చే అవకాశం సగానికి పైనే. ఎక్కువ పరీక్షలంటే ఎక్కువ భద్రత అనుకుని డబ్బు కట్టేవాళ్ళకి ఇది ఎవరూ చెప్పరు.

స్పెషలిస్టులు మారాలంటే నేను అడిగేది ఒక్కటే. నేను చూసిన ప్రతి ల్యాబ్ స్లిప్ మీదా క్లినికల్ హిస్టరీ అని ఒక గడి ఉంటుంది. అది నిండితేనే రక్తం తీయాలని రూలు పెట్టాలి. ఈ 11 ఏళ్ళలో అది నిండి రావడం చాలా అరుదు. మా చెల్లెలి స్లిప్‌లో కూడా ఖాళీగానే ఉంది. "పాపను ఎత్తుకుంటే బొటనవేలి పక్క నొప్పి" అని ఆ గడిలో రాయాల్సి వచ్చి ఉంటే, కింద ఏఎన్ఏ దగ్గర టిక్ పెట్టకుండా ఆయన చెయ్యి ఆగేది.