ఆ పాట తరువాత వచ్చే పాట

ప్రశ్న: నేను హనుమకొండలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. దసరాకు ముందు ఇంటికి సున్నం వేయించడానికి అటక మీది పెట్టె దింపితే, పాత చీరల కింద పద్నాలుగు క్యాసెట్లు బయటపడ్డాయి. 1986, 87 ప్రాంతంలో మా అన్నయ్య వరంగల్ చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో పాటల చీటీ రాసిచ్చి నింపించినవి కొన్ని, రేడియో నుంచి తానే ఎక్కించినవి కొన్ని. పక్కింటివారి టేప్ రికార్డర్ తెచ్చి ఒకటి పెట్టాను. మూడో పాట ముగియగానే అన్నయ్య, వివిధ భారతి అనౌన్సర్ లాగా గొంతు గంభీరం చేసుకొని, "ఇప్పుడు మా చెల్లె కోరిన పాట" అన్నాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఇల్లు పంచుకునే దగ్గర మాట పట్టింపు వచ్చి మేమిద్దరం మాట్లాడుకోక తొమ్మిదేండ్లయింది. టీవీలో ఎన్ని పాత పాటలు విన్నా కలగని బాధ ఈ క్యాసెట్‌తోనే ఎందుకు కలిగింది? చివరి పాట పోనుపోను వేగం పెరిగి చిన్నపిల్ల పాడినట్టు వినిపిస్తోంది, అది బాగవుతుందా? వీటిని అన్నయ్యకు పంపడం సబబేనా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మొదటి ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే సగం ఉంది. పదేండ్ల వయసు నుంచి ముప్పై దాకా జరిగిన సంగతులు, ఆ తరువాతి సంగతుల కంటే ఎక్కువగా గుర్తుండిపోతాయని జ్ఞాపకశక్తిని పరిశీలించినవారు చాలాకాలంగా చెబుతున్నారు. అయితే ఆ వయసులో విన్న పాటలన్నీ ఒకే తీరుగా పనిచేయవు. టీవీలో, పెళ్లి పందిట్లో, బస్సులో వందసార్లు విన్న పాటకు వంద జ్ఞాపకాలు అంటుకొని, చివరికి ఏ ఒక్కటీ గట్టిగా నిలవదు. ముప్పై ఎనిమిదేండ్లు చీరల కింద పడి ఉన్న పాటకు ఆ ఒక్క ఇల్లే తెలుసు, ఆ వరండాయే తెలుసు. అందుకే అది మిమ్మల్ని నేరుగా అక్కడికే తీసుకుపోయింది.

ఇంకొక సంగతి కూడా గమనించి చూడండి. దుకాణంలో నింపించిన క్యాసెట్లలో ఒక పాట ఆఖరి చరణంలో ఉండగానే, తరువాతిది ఏ పాటో మీ చెవికి తెలిసిపోతుంది. ఆ వరుసను ఏ సంగీత దర్శకుడూ కూర్చలేదు. చీటీ రాసిన మీ అన్నయ్య, టేపులో మిగిలిన జాగాను బట్టి ఒక పాటను ముందుకు, ఒకదాన్ని వెనక్కు జరిపిన దుకాణదారు కలిసి కూర్చారు. నా దగ్గరా అలాంటి క్యాసెట్ ఒకటి ఉండేది. అందులో ఒక పాట రెండో చరణం మధ్యలో టేపు అయిపోయి టక్కున ఆగిపోయేది. ఈనాటికీ ఆ పాట పూర్తిగా వింటే, తక్కిన చరణం ఎవరో అతికించినట్టే ఉంటుంది నాకు.

చివరి పాట సంగతి తేలికైనదే. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. ఆనాడు కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియక సెల్స్ మీద రికార్డు చేసేవాళ్లం. అవి అయిపోవస్తే ఎండలో పెట్టి, మళ్లీ వేసి, ఇంకో నాలుగు పాటలు లాగేవాళ్లం. సెల్స్ నీరసించిన కొద్దీ మోటారు నెమ్మదించి, పాట తక్కువ టేపు మీదనే ఇరుకుగా పడుతుంది. ఇప్పుడు సరైన వేగంతో నడిపితే అది పరుగెత్తుతుంది, గొంతు సన్నబడుతుంది. కంప్యూటర్‌లో వేగం తగ్గించి సరిచేయవచ్చు. నాకైతే, సరిచేసిన కాపీ ఒకటి, చేయని కాపీ ఒకటి ఉంచుకోవడమే మంచిదనిపిస్తుంది. ఎండలో పెట్టిన సెల్స్ జాడ ఆ రెండోదాంట్లోనే ఉంది మరి.

ఎరువు తెచ్చిన టేప్ రికార్డర్‌లో నేరుగా పెట్టి కూడా టేపు నలగకుండా బయటపడ్డారు, మీ అదృష్టం. ఇక ముందు ఆ సాహసం వద్దు. ముందుగా ప్రతి క్యాసెట్ పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరిచేయండి. అప్పుడు పొరపాటున ఎవరైనా రికార్డు మీట నొక్కినా మీ అన్నయ్య గొంతు చెరిగిపోదు. చక్రం పళ్లలో పెన్సిల్ దూర్చి టేపును ఒకసారి ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా తిప్పండి. లోపల టేపు వెనుక ఉండే చిన్న ఫెల్టు (మెత్తటి ఉన్ని గుడ్డ) ముక్క ఊడిపోయిందేమో చూడండి. రికార్డర్‌లో టేపును చదివే హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి ఆరనిచ్చి, పోయినా బాధలేని క్యాసెట్ ఒకటి ముందు వేసి చూశాకనే మీవి వేయండి. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించుకోవచ్చు. అరవై నిమిషాల క్యాసెట్‌కు అరవై నిమిషాలూ పడుతుంది, తొందరపెట్టే మార్గం లేదు. నిమిషానికి సుమారు 10 ఎంబీ చొప్పున ఒక్కో క్యాసెట్ 600 ఎంబీ దాకా వస్తుంది కనుక పద్నాలుగూ ఒక పెన్‌డ్రైవ్‌లో సులువుగా పడతాయి. పాటలను విడివిడిగా ముక్కలు చేయకుండా ఒక్కో వైపును ఒకే ఫైలుగా ఉంచండి.

అన్నయ్యకు తప్పక పంపండి. అయితే ఇంటి మాట, పంపకం మాట, ఎవరిది తప్పన్న మాట దానితో కలపకండి. "అటక మీద దొరికినయి, నీవే" అన్న ఒక్క ముక్క చాలు. పెన్‌డ్రైవ్ మాత్రమే పంపి క్యాసెట్లు మీ దగ్గరే ఉంచుకుంటే మళ్లీ పంపకం లెక్క వస్తుంది. అందుకని కాపీ మీరు ఉంచుకొని, చీటీ రాసి నింపించిన క్యాసెట్లు ఆయనకే ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం.

ప్రశ్న: చిన్నప్పటి పాటలన్నీ పిల్లల ఫోనులో దొరుకుతున్నాయి కానీ ఆ రుచి లేదు. ఇది నా చాదస్తమేనా?
— ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: కొంత చాదస్తమే, కాదనను. కొంత మాత్రం నిజం. పాత పాట పేరుతో దొరికేవాటిలో వేరే గాయకులు మళ్లీ పాడినవి, వెనుక వాద్యాలు కొత్తగా కలిపినవి చాలానే ఉంటాయి. గాయకుల పేరు చూసుకొని అసలుదే పెట్టించుకోండి. అప్పుడూ రుచించకపోతే, ఆ పాటను ఫోనులో చెవి దగ్గర కాకుండా పక్క గదిలో చిన్న స్పీకరులో పెట్టించి, మీరు వేరే పని చేసుకుంటూ వినండి. మనం ఆనాడు పాటలు విన్నది అలాగే కదా, పక్కింటి రేడియోలో.

ప్రశ్న: మా అమ్మ పాడే బతుకమ్మ పాటలు ఎక్కడా రికార్డు కాలేదు. ఇప్పుడు ఫోను ముందు కూర్చోబెడితే రెండు వరుసల తరువాత మరిచిపోయానంటోంది.
— ఒక పాఠకురాలు, హుజూరాబాద్

జవాబు: మరిచిపోలేదమ్మా. ఆ పాట కూర్చొని పాడేది కాదు, ఒంటరిగా పాడేదీ కాదు. ఒకరు అందిస్తే పదిమంది "ఉయ్యాలో" అని అందుకొనేలోపల తరువాతి వరుస గొంతులోకి వస్తుంది. చప్పట్లూ అడుగులూ దాన్ని లాక్కొస్తాయి. ఆమె ఈడు వాళ్లను ఇద్దరు ముగ్గురిని పిలిచి, వాకిట్లో నిలబెట్టి, నడుమ ఒక తాంబాలంలో నాలుగు తంగేడు పూలు పెట్టండి. ఫోను ఎవరికీ కనబడకుండా తులసి గద్దె మీద ఉంచండి.