ముసురు నెలను చూసి కిస్తీ ఒప్పుకోండి

ప్రశ్న: మాది నెల్లూరు. మా మామగారి కాలంలో పెన్నా రేవులో ఉతికేవారు. ఇప్పుడు నేను, మా ఆయన అద్దె షెడ్డులో రెండు నర్సింగ్ హోములకు, మూడు లాడ్జీలకు రోజుకు 150 కిలోల దుప్పట్లు, టవళ్లు ఉతికి ఇస్తున్నాం. కిలోకు 20 రూపాయలు. పాతది కొన్న 15 కిలోల వాషర్ ఒక్కటే ఉంది. ఆరబెట్టడం దండేల మీదే. 50,000 ఖర్చులు పోను నెలకు 40,000 మిగులుతుంది. కిందటి నవంబరులో మాత్రం 18,000 మిగిలింది. ఒక పెద్ద ఆస్పత్రి రోజుకు 300 కిలోలు ఇస్తానంటోంది. యంత్రాలు అమ్మేవారు 26 లక్షలకు కొటేషన్ ఇచ్చారు: 30 కిలోల వాషర్ ఎనిమిదిన్నర లక్షలు, డ్రయర్ అయిదు, దుప్పట్ల ఇస్త్రీ రోలర్ ఏడు, బాయిలర్ మూడున్నర, బిగింపు, వైరింగ్ రెండు. 35 శాతం సబ్సిడీ కూడా వస్తుందంటున్నారు. పాప ఇంజినీరింగ్ కోసం దాచిన 6 లక్షల డిపాజిట్ తీసి, మిగతా 20 లక్షలు అప్పు చేయవచ్చా? సంక్రాంతికి ఒకటిన్నర లక్షల చీటీ కూడా చేతికొస్తుంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే ఆ నవంబరు లెక్క దగ్గర నా చూపు ఆగిపోయింది. మీ వ్యాపారానికి అసలు అడ్డం ఏమిటో అక్కడే తెలుస్తోంది.

మీ వాషర్ ఇప్పుడు రోజుకు పది ఉతుకులు చేస్తోంది. ఒక్కో ఉతుకుకు 50 నిమిషాలు అనుకున్నా ఎనిమిదిన్నర గంటల్లో పని అయిపోతుంది. అంటే ఉతకడం దగ్గర మీకు ఇబ్బంది లేదు. నెల్లూరు జిల్లాకు ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యనే పడుతుంది. ఆ రోజుల్లో షెడ్డు నిండా తడి దుప్పట్లు వేలాడుతూ, మూడో రోజుకు ముక్క వాసన పట్టి, మళ్లీ నీళ్లలో వేయాల్సి వస్తుంది. ఒకే దుప్పటికి రెండుసార్లు సబ్బు, రెండుసార్లు కరెంటు, రెండుసార్లు కూలీ! మీ 22,000 పోయింది అక్కడే. కాబట్టి మొదట కొనవలసింది డ్రయర్.

డ్రయర్‌కు ముందు ఒక హైడ్రో, అంటే నీళ్లు పిండే యంత్రం, కావాలి. లీటరు నీటిని ఆవిరి చేయడానికే 0.63 యూనిట్ల శక్తి పడుతుంది. డ్రయర్‌లో వృథా అయ్యే వేడి కూడా కలిపితే దాదాపు ఒక యూనిట్. సరిగా పిండని నూలు దుప్పటి తన బరువంత నీటిని పట్టుకొని ఉంటుంది. మంచి హైడ్రోలో తిప్పితే అది సగానికి తగ్గుతుంది. మీ 150 కిలోల మీద అది రోజుకు 75 లీటర్లు, అంటే సుమారు 75 యూనిట్ల వేడి ఆదా. గ్యాసు డ్రయర్ కొన్నా లెక్క ఇదే, సిలిండర్లలో కనిపిస్తుంది. కరెంటు డ్రయర్ అయితే కనెక్షన్ లోడు పెంచుకోవడానికి ఎంతవుతుందో సంతకం పెట్టకముందే కనుక్కోండి. ఎండ ఉన్న నెలల్లో మాత్రం దండేలు వదలకండి. మన వైశాఖపు ఎండకు దీటైన యంత్రం లేదు, దానికి బిల్లూ రాదు.

నీళ్ల సంగతి కూడా చూడండి. కిందటేడు నాకు తెలిసిన ఒక షెడ్డుకు వెళ్లాను. 30 కిలోల కొత్త వాషర్, మెరుస్తోంది. హీటర్ కాయిల్ బయటికి తీసి చూపించారు. తెల్లగా గట్టిపడిన సున్నం, గోరుతో గీకితే పెంకులుగా ఊడింది. బోరు నీళ్లను పరీక్ష చేయించకుండా యంత్రం బిగించారు. సబ్బు నురగ రాక రెట్టింపు పోశారు, అయినా దుప్పట్లు బూడిద రంగుకు తిరిగాయి, లాడ్జీ వాళ్లు మానేశారు. కిస్తీ మాత్రం మానలేదు. వారిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు పాడవుతుంది. మీరు ఒక సీసాలో బోరు నీళ్లు పట్టి పరీక్షకు ఇవ్వండి. కాఠిన్యం ఉంటే, దాన్ని తీసే సాఫ్టనర్ సరిపోతుంది. ఉప్పదనం ఉంటే మాత్రం సాఫ్టనర్ దాన్ని తీయలేదు, వేరే నీళ్లు చూసుకోవాలి. అలాగే ఆఖరి జాడింపు నీళ్లను ఒక ట్యాంకులోకి మళ్లించి తర్వాతి విడత మొదటి నీళ్లుగా వాడండి. ఒక పైపు, ఒక చిన్న మోటారుతో అయ్యే పని.

ఇక డబ్బు. 20 లక్షలు, 11.5 శాతం వడ్డీ, అయిదేళ్లు అంటే నెలకు దాదాపు 44,000 కిస్తీ. మీ మిగులు 40,000. అందులో మీ ఇద్దరి కూలీ కూడా ఉంది. ఆస్పత్రి పని వస్తే సరిపోతుంది కదా అంటారేమో. ఇప్పుడు మీకు కిలోకు సుమారు 11 రూపాయలు ఖర్చవుతోంది. 300 కిలోలంటే నెలకు లక్ష. ఆస్పత్రి రెండు నెలల తర్వాత చెల్లిస్తే, మొదటి చెక్కు అందేలోపు మీ చేతి నుంచి 2 లక్షలు, కిస్తీల కింద 88,000 వెళ్లిపోతాయి. అది ఎక్కడి నుంచి తెస్తారు? డిపాజిట్ అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. పాప చదువు డబ్బును దయచేసి ముట్టుకోకండి.

నేనైతే ఇలా చేస్తాను. చీటీ ఒకటిన్నర లక్షల్లో హైడ్రో, సాఫ్టనర్ వచ్చేలా బేరమాడతాను. డ్రయర్‌కు 5 లక్షలు ముద్ర, అంటే చిన్న వ్యాపారాలకు బ్యాంకులు అప్పు ఇచ్చే పథకం, దానిలోని కిశోర్ విభాగం కింద తీసుకుంటాను. అదే వడ్డీకి, అయిదేళ్లకు కిస్తీ 11,000. కిందటి నవంబరు లాంటి నెల మళ్లీ వచ్చినా కట్టగలరు. డ్రయర్ ఉంటే అంత చెడ్డ నవంబరు రాదు కూడా.

35 శాతం సబ్సిడీ మాట నమ్మకండి. వారు చెప్పేది పీఎంఈజీపీ, అంటే కేంద్రం స్వయం ఉపాధి పథకం, గురించి అయి ఉంటుంది. అందులో ఆ 35 శాతం కొత్తగా పెట్టే యూనిట్లకే. నడుస్తున్న మీ షెడ్డుకు రాదు. మహిళలకు 35 శాతం ఇచ్చేది కూడా గ్రామాల్లోనే, పట్టణంలో 25. బంధువుల పేరుతో కొత్తదిగా చూపించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. చేతివృత్తులవారి కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో రజక వృత్తి ఉంది. 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షలు ఇస్తారు, కుటుంబంలో ఒక్కరికే. ముద్ర బాకీ ఉన్నవారికి అది దొరకదు కాబట్టి ఎవరి పేరున ఏది తీసుకోవాలో బ్యాంకులో ముందే అడగండి.

రోలర్, బాయిలర్ ఇప్పుడు వద్దు. అద్దె షెడ్డులో పునాది పోసి బిగించే ఏ యంత్రమైనా, కనీసం అప్పు తీరేవరకు లీజు కాగితం ఉంటేనే.

ఆస్పత్రిని వదులుకోమని నేను అనను. రోజుకు 100 కిలోలతో మొదలుపెడతామని చెప్పండి. మొత్తం 250 కిలోలు, పదిహేడు ఉతుకులు, 14 గంటలు. ఒక మనిషిని పెట్టుకుంటే ఉన్న వాషర్‌తోనే చేయవచ్చు. ఏడాది రాబడి 18 లక్షల దగ్గర ఉంటుంది. 300 కిలోలూ ఒప్పుకుంటే 32 లక్షలు దాటి, 20 లక్షల హద్దు మించి, జీఎస్టీ కట్టాలి. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నందువల్ల ఆస్పత్రి ఆ పన్నును తిరిగి పొందలేదు. ఆ భారం మిమ్మల్నే మోయమంటారు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉచితం. ఈ వారమే చేయించండి. అది ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం ఆస్పత్రి మీకు 45 రోజుల్లోపు చెల్లించాలి. ఆలస్యమైతే ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఏడాది చూపించుకోవడం కూడా వారికి కష్టమవుతుంది. వారి అకౌంటెంటుకు ఈ సంగతి బాగా తెలుసు. గడువు, తూకం ఉతికిన తర్వాత పొడి బట్టల మీద వేయాలా ముందా, పోయిన దుప్పటికి ఎవరు బాధ్యులు, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. 100 కిలోలకు వారు ఏమన్నారో, మొదటి రెండు బిల్లులు ఎన్ని రోజులకు వచ్చాయో నాకు రాయండి. 30 కిలోల వాషర్ లెక్క అప్పుడు వేద్దాం.